98,76,54,321 కు భాజకాలెన్ని? చేత్తో తీసుడెట్ల?

హన్మకొండ గ్రూప్స్: అన్నలారా, ఇది మోడల్ పేపర్‌ల వచ్చింది. అంకెల మొత్తం 45, కాబట్టి 9 పోతది. 10,97,39,369 మిగిలింది. అంకెల మొత్తం 47, ఇక 3 పోదు. వర్గమూలం 10,475 దాటుతది. అందాక ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోటి భాగించాలెనా? దీనికీ 12,34,56,789కీ గ.సా.భా. కూడా అడిగిండ్రు.

కాజీపేట లెక్కలు: అంత దూరం అక్కర్లేదు తమ్మీ. లక్షల కామాలు తీసేసి కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టు: 109 | 739 | 369. 369 − 739 + 109 = −261. 261ని 7, 11, 13 ఏవీ భాగించవు, కాబట్టి మూడింట్ల దేనితోటీ పోదని ఒక్క దెబ్బకు తేలింది. లక్షల కామాల దగ్గర విడగొడితే ఈ పరీక్ష తప్పుతది.

ఇప్పుడు 17. చివరి అంకెను 5తో గుణించి, మిగిలిన దాంట్లకెంచి తియ్యి:
10973936 − 45 = 10973891
1097389 − 5 = 1097384
109738 − 20 = 109718
10971 − 40 = 10931
1093 − 5 = 1088
108 − 40 = 68
68 అంటే 17 × 4. పోతది! భాగఫలం 64,55,257. చాలామంది ఇక్కడనే 19కి దూకుతరు. మళ్ళా 17తోనే చూడు, ఇంకోసారి పోయి 3,79,721 వస్తది. దీని వర్గమూలం 616 చిల్లర. 19 నుంచి 613 దాకా 105 ప్రధాన సంఖ్యలే, ఒక్కటీ భాగించదు. అంటే 3² × 17² × 379721. ఒక్కో ఘాతానికి 1 కలిపి గుణిస్తే భాజకాలు 3 × 3 × 2 = 18. రెండో 17ను వదిలేస్తే లెక్క 12 దగ్గర ఆగుతది.

వరంగల్ మాథ్స్: గ.సా.భా.కు కారణాంకాలే వద్దు. 12,34,56,789 × 8 = 98,76,54,312. శేషం 9. చిన్న సంఖ్యను 9 భాగిస్తది, కాబట్టి జవాబు 9.

నాకు నచ్చేది ఇంకోటుంది. 379721ను 4తో భాగిస్తే శేషం 1. అట్లాంటి ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క తీరుగ వస్తదని ఫెర్మా సిద్ధాంతం. 616 నుంచి కిందికి దిగుతూ ఒక్కో వర్గం తీసేస్తే 611 దగ్గర 6400 మిగులుతది, అంటే 80². రెండింటినీ 51తో (3 × 17) గుణిస్తే 31161² + 4080² = 98,76,54,321. 17² = 15² + 8² కాబట్టి ఇంకో రెండు జతలు పుడతయి: 25575, 18264; 29415, 11064. మూడు తీర్లు, అంతకు మించి లేవు.

ఇవన్నీ మామూలు కాలిక్యులేటర్‌ల సరిచూసుకోవచ్చు. కానీ అసలు సంఖ్యకే వర్గం చెయ్యాలంటే 18 అంకెలైతది, ఎక్సెల్ 15 అంకెలే ఉంచి మిగతావి సున్నాలు చేస్తది.

హన్మకొండ గ్రూప్స్: 12,34,56,789కి కూడా 4తో శేషం 1 వస్తుంది. దానికీ వర్గాల జత ఉంటదా?

వరంగల్ మాథ్స్: ఉండదు. అది 3² × 3607 × 3803. ఈ పెద్ద రెండింటికీ 4తో శేషం 3, పైగా ఒక్కోటి ఒక్కసారే ఉంది. అట్లాంటి ప్రధాన సంఖ్య ఘాతం సరి సంఖ్య అయితేనే జత కుదురుతది. శేషాలు 3 × 3 = 9 అయి, మొత్తానికి 1గ కనపడుతున్నది, అంతే.