పది సర్వీసులకు సర్వీస్ మెష్ అవసరమా?

ప్రశ్న (బ్యాకెండ్ డెవలపర్):
మా కుబర్నెటీస్ (కంటెయినర్లను నడిపే వ్యవస్థ) క్లస్టర్‌లో పది మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ కొన్ని సెకన్లపాటు 502 ఎర్రర్లు (వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని చెప్పేవి) వస్తున్నాయి. ఇస్టియో అనే సర్వీస్ మెష్ (సర్వీసుల మధ్య ట్రాఫిక్‌ను నడిపించే అదనపు పొర) పెడితే పోతాయని మా బృందంలో కొందరి వాదన. కుబర్నెటీస్‌లోని మామూలు సర్వీస్ (ప్రోగ్రామ్ కాపీలకు ట్రాఫిక్ చేర్చేది), డిప్లాయ్‌మెంట్ (ఆ కాపీలను నడిపి, కొత్త వెర్షన్‌కు మార్చేది) సరిపోవా?

ప్లాట్‌ఫామ్ ఇంజనీర్:
సరిపోతాయి. నాకు ముందుగా అనుమానం వచ్చేది పాత పాడ్ (ప్రోగ్రామ్ ఒక కాపీ, దాని కంటెయినర్‌తో సహా) ఆగే తీరు మీదే. పాడ్‌ను తొలగించమనగానే రెండు పనులు సమాంతరంగా మొదలవుతాయి. ఒకవైపు కంటెయినర్‌ను ఆపే ప్రక్రియ, మరోవైపు సర్వీస్ చిరునామాల జాబితాలోంచి ఆ పాడ్‌ను తీసేయడం. ఆ మార్పు ప్రతి నోడ్‌లోని (క్లస్టర్‌లోని యంత్రం) క్యూబ్-ప్రాక్సీకీ (సర్వీస్‌కు వచ్చిన కనెక్షన్లను పాడ్‌లకు మళ్లించేది), ఇన్‌గ్రెస్‌కూ (బయటి ట్రాఫిక్ లోపలికి వచ్చే ద్వారం) చేరేలోపే ప్రోగ్రామ్ ఆగిపోతే, అటు వచ్చిన రిక్వెస్టులన్నీ విఫలమవుతాయి. ప్రీస్టాప్‌లో (కంటెయినర్‌ను ఆపేముందు నడిచే దశ) ఐదు నుంచి పది సెకన్లు ఆగనివ్వండి. ఆ తర్వాత సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సంకేతం) అందినప్పుడు, చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించాకే ఆగేలా కోడ్ రాయండి. మీరు మార్చకపోతే మొత్తం గడువు 30 సెకన్లే, ప్రీస్టాప్ సమయమూ అందులో భాగమే. రెడీనెస్ ప్రోబ్ (పాడ్ సిద్ధమైందా అని చూసే పరీక్ష) కూడా చూసుకోండి. రిక్వెస్టులు తీసుకోవడానికి సిద్ధం కాకముందే 200 (అంతా సవ్యం) చెప్పే ప్రోబ్ ఉన్నా లేనట్టే.

మెష్ వాడుతున్న మరో సభ్యుడు:
అంత తేలిగ్గా తీసేయకండి. క్యూబ్-ప్రాక్సీ పంచేది కనెక్షన్లను, రిక్వెస్టులను కాదు. జీఆర్‌పీసీ (సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే ఒక పద్ధతి) అయితే తెరిచిన కనెక్షన్ మీదే రిక్వెస్టులన్నీ వెళ్తాయి, కొత్తగా పెంచిన పాడ్‌లు పని లేకుండా ఉండిపోతాయి. ఇక 5 శాతం ట్రాఫిక్‌ను మాత్రమే కొత్త వెర్షన్‌కు పంపాలంటే, పాడ్‌ల సంఖ్యతోనే ఆ నిష్పత్తి తేవాలి: ఇరవైలో ఒకటి. మెష్‌లో ఒక అంకె మార్చితే చాలు.

ప్లాట్‌ఫామ్ ఇంజనీర్:
ట్రాఫిక్ శాతాల విషయంలో మీ మాట నిజం, అది నిత్యావసరమైన చోట మెష్‌కు నేనూ ఓటేస్తాను. జీఆర్‌పీసీకి మాత్రం హెడ్‌లెస్ సర్వీస్ (పాడ్‌ల చిరునామాలను నేరుగా ఇచ్చేది) పెట్టి, క్లయింట్‌లో రౌండ్ రాబిన్ (వంతులవారీగా పంపడం) ఎంచుకున్నా పని జరుగుతుంది. మెష్‌లో సైడ్‌కార్ పద్ధతి అయితే ప్రతి పాడ్‌లోనూ ప్రోగ్రామ్ పక్కన ఒక ఎన్వాయ్ (ట్రాఫిక్‌ను మధ్యలో నడిపే ప్రాక్సీ) నడవాలి, దాని వెర్షన్ మార్చాలంటే పాడ్‌లన్నీ మళ్లీ మొదలవ్వాలి. సైడ్‌కార్ అక్కర్లేని యాంబియంట్ పద్ధతి 2024 నవంబరులో ఇస్టియో 1.24తో స్థిరపడింది. అయినా కనిపెట్టుకుని ఉండాల్సిన కొత్త వ్యవస్థ అదీ. ఇద్దరు ముగ్గురున్న బృందం మీద ఆ బరువు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారికి: పరీక్షా క్లస్టర్‌లో లోడ్ పంపుతూ రోల్‌అవుట్ రీస్టార్ట్ (పాడ్‌లను విడతలవారీగా మళ్లీ మొదలుపెట్టే ఆదేశం) ఇవ్వండి. ప్రీస్టాప్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి. రెండు సందర్భాల్లో ఎన్ని 502లు వచ్చాయో ఇక్కడ రాయండి, మెష్ సంగతి ఆ అంకెలు చూశాక మాట్లాడుకుందాం.