అప్‌డేట్: రాబీ, 'లాస్ట్ ఇన్ స్పేస్' రోబో ఒకటేనా?

'ఫర్బిడెన్ ప్లానెట్' (1956) సినిమాలోని రోబో రాబీ, 'లాస్ట్ ఇన్ స్పేస్' సీరియల్లోని రోబో ఒకటేనా అని పోయిన వారం అడిగాను కదా. జవాబులిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. రెండూ వేరని తేలిపోయింది. పోలిక మాత్రం ఊరికే రాలేదు, రెండిటి డిజైన్‌లోనూ రాబర్ట్ కినోషిటా చెయ్యి ఉంది. ఒక తండ్రి బిడ్డలన్నమాట!

మీలో ఒకరు చెప్పిన 1966 నాటి 'లాస్ట్ ఇన్ స్పేస్' ఎపిసోడ్ 'వార్ ఆఫ్ ది రోబోట్స్' కూడా చూశా. అందులో రెండూ ఎదురెదురుగా నిలబడతాయి, పైగా రాబీయే విలన్. ఇంకా అనుమానమేముంది?

ఆ ఊపులో సినిమా మళ్లీ పెట్టుకుని రాబీనే చూస్తూ కూర్చున్నా. పారదర్శకమైన బుర్రలో ఏవేవో తిరుగుతుంటాయి, నోరు విప్పితే కింద నీలం నియాన్ గొట్టాలు మాటకి తగ్గట్టు వెలుగుతాయి. ఆ నిదానమైన, మర్యాదైన గొంతు మార్విన్ మిల్లర్‌ది. లోపల దూరి నడిచింది వేరేవాళ్లు, పాపం వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

2017లో న్యూయార్క్ వేలంలో రాబీ 53 లక్షల డాలర్లు దాటిందట. మా బావకి చెబితే, "మనిషి దూరి నడిపే డబ్బాకా అంత?" అన్నాడు.