బీచ్‌లో మెటల్ డిటెక్టర్‌కి దొరికిన తుక్కు ఎక్కడ, ఎలా అమ్మాలి? (వైజాగ్)

ఉప్పుగాలి:
అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో ఉంటా, ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్, రుషికొండ, ఒక్కోసారి భీమిలి దాకా డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటా. బంగారం దొరికిందా అని మాత్రం అడక్కండి, ఆ ప్రశ్న మా ఇంట్లో రోజూ అడుగుతారు. దొరికేదంతా బీరు సీసా మూతలు, మేకులు, వినాయక నిమజ్జనం తాలూకు చువ్వలు బైండింగ్ వైరు, వలలకి కట్టే సీసం గుళ్ళు, పాత ఇత్తడి కుళాయి ముక్కలు, కొంచెం రాగి తీగ, చిల్లర పైసలు. ఇదంతా రెండు పెయింటు బకెట్లు నిండింది, మా ఆవిడ బాల్కనీ ఖాళీ చెయ్యమంటోంది. మొన్న దగ్గర్లో ఉన్న పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్తే వాడు బకెట్‌లో చెయ్యి పెట్టి ఒకసారి కలిపి, అంతా ఉప్పు పట్టేసింది సార్ ఇనుము రేటే ఇస్తా అన్నాడు, ఇవ్వకుండా వచ్చేశా. ఇది మామూలేనా? ఇంకోటి, లోపల అక్షరాలు చెక్కిన ఉంగరం ఒకటి దొరికింది, అదేం చెయ్యాలి?

కాటాబాబు:
మా నాన్నది గాజువాక వైపు పాత సామాన్ల కొట్టు, చిన్నప్పట్నుంచీ కాటా పక్కనే పెరిగా కాబట్టి చెప్తున్నా. కలిపి తీసుకెళ్తే ఎవడైనా ఇనుము రేటే చెప్తాడు, అది మోసం అని కూడా అనలేం, ఎందుకంటే వేరు చేసే కూలి వాడి మీద పడుద్ది. ముందు ఒక అయస్కాంతం కొనుక్కో, పాత స్పీకర్‌లోది అయినా సరే. అంటుకున్నదంతా ఒక సంచి, అంటుకోనిది మళ్ళీ రాగి, ఇత్తడి, అల్యూమినియం, సీసం అని నాలుగు సంచులు. రంగు తెలీకపోతే ఆకురాయితో ఒక మూల గీకి చూడు, ఎర్రగా ఉంటే రాగి, పసుపు పచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా తేలిగ్గా ఉంటే అల్యూమినియం, గోరుతో నొక్కితే గీత పడేంత మెత్తగా బరువుగా ఉంటే సీసం.

అసలు డబ్బు పోయేది కుళాయిల దగ్గర. ఇత్తడి కుళాయి లోపల ఇనప స్క్రూ, రబ్బరు వాషరు, పైన స్టీలు పిడి ఉంటాయి, అవి తియ్యకుండా తెస్తే మొత్తానికి రేటు తగ్గించేస్తారు. సుత్తితో కొట్టి విడగొట్టి తీసుకురా. ఇత్తడికి మామూలుగా రాగి రేట్లో మూడింట రెండొంతులు దాకా వస్తది, అందుకే ఆ రెండూ కలపొద్దు. రాగి తీగ మీద ప్లాస్టిక్ కాల్చి తేవద్దు, నల్లబడిన రాగికి రేటు తక్కువ, ఆ పొగ కూడా మంచిది కాదు. బ్లేడుతో చీరు. ఉప్పు సంగతి అంటావా, మంచినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి ఎండబెట్టు చాలు, మెరిపించక్కర్లేదు, ఇసక పోతే తూకంలో కోత పెట్టడానికి వాడికి సాకు ఉండదు.

జీఎస్టీ గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకు. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్టర్ కాని వాళ్ళ దగ్గర మెటల్ తుక్కు కొంటే ఆ పన్ను కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే కడతాడు, నీకు సంబంధం లేదు. ఆధార్ అడిగితే మాత్రం ఇవ్వు. దొంగ సరుకు కొన్నాడని పోలీసులు వస్తే చూపించుకోడానికి అడుగుతాడు అంతే.

గంగపుత్ర_భీమిలి:
సీసం కొట్లో అమ్మకు అన్నా. వలలోళ్ళు కొత్త గుళ్ళు డబ్బులెట్టి కొంటారు, నీ దగ్గరున్నవి పగలకుండా బాగుంటే పొద్దున పడవలొచ్చే టైముకి ఒడ్డుకొచ్చి అడుగు, తుక్కు రేటు కంటే ఎక్కువే ఇస్తారు. ఇంట్లో కరిగించి ముద్ద చేద్దామని మాత్రం చూడకు, తడి సీసం వేడి దాంట్లో పడితే చిమ్ముద్ది, మొహం కాలిపోద్ది, పొగ పిల్లలకి విషం. గుళ్ళు ముట్టుకున్న చేత్తో టిఫిన్ తినకు.

ప్లీడరుగారబ్బాయి:
ఉంగరం విషయం ముందు. అక్షరాలు ఉన్నాయంటే యజమాని ఉన్నాడన్నమాటే, అమ్ముకుంటే భారతీయ న్యాయ సంహిత 314 కిందకి వస్తుంది, పోగొట్టుకున్న వాడు దొరికే వీలుండి కూడా సొంతానికి వాడుకోవడం నేరం. ఫోటో తీసి, స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంటర్నెట్‌లో పెడితే లోపలి అక్షరాలు చూపించకండి, నాదే అన్నవాణ్ణి అవే అడగొచ్చు.

ఇక తుక్కు. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, మట్టిలో దాగి ఉన్నది పది రూపాయల పైన విలువ చేస్తే కలెక్టరుకి రాసి తెలియజెయ్యాలి అంటుంది. పది రూపాయలు అప్పటి లెక్క, ఇంతవరకూ మార్చలేదు! మేకులు పట్టుకుని కలెక్టరేట్‌కి వెళ్ళమనడం లేదు గానీ, పాత నాణేల మూట, విగ్రహం ముక్క, నగలు ఏవైనా వస్తే అది తుక్కు కాదు. వందేళ్ళు దాటిన వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చెయ్యకూడదు. భీమిలిలో డచ్ వాళ్ళ స్థావరం ఉండేది, కాబట్టి అక్కడ పచ్చగా చిలుం పట్టిన రాగి బిళ్ళలని తుక్కు సంచిలో వెయ్యొద్దు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ వైపు అసలు డిటెక్టర్ బయటికి తియ్యొద్దు, అవి పాత బౌద్ధ క్షేత్రాలు, రక్షిత స్థలాలు. మామూలు చిల్లర పైసలు కూడా కరిగించడానికి ఇవ్వకూడదు, 2011 నాణేల చట్టంలో దానికి ఏడేళ్ళ దాకా జైలుంది.

జనగామ_పోరడు:
నిజమే అన్నా, మా జనగామ పక్కన పెంబర్తిల 2021ల భూమి చదును చేస్తుంటే నగలున్న బిందె బయటవడ్డది, ఆఫీసర్లు అచ్చి తీస్కపోయిండ్రు. పెంబర్తి అంటే ఇత్తడి పనితనానికి పేరు గానీ ఆ వారం మాత్రం అందరూ తవ్వుడు గురించే మాట్లాడిండ్రు.

ఇంకో ముచ్చట, మిషిన్ల ఇనుముకు సప్పుడు రాకుండ చేసే డిస్క్రిమినేషన్ సెట్టింగ్ పెట్టుకుంటున్నవా? మన రూపాయి, రెండ్రూపాయల బిళ్ళలు స్టీలువి, అయస్కాంతానికి అంటుకుంటయ్. చానాసార్లు మిషిన్ వాటిని గూడ మేకులనుకొని సప్పుడు చెయ్యది.

ఉప్పుగాలి:
థ్యాంక్స్ అందరికీ. డిస్క్రిమినేషన్ మాట నిజమే, తీసేసి తిరిగితే చిల్లర పెరుగుద్దేమో గానీ మూతలతో చెవులు పగిలిపోతాయ్. చిల్లర విడిగా తీసేశా, అందులో 1943 చిల్లుకాణీ కూడా ఉంది. అది వందేళ్ళు కాలేదుగా, ఉంచుకోవచ్చా? ఇంకోటి, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇసకలో సగం కూరుకుని బరువైన ఇనప గొట్టంలాంటిది కనపడింది, ఒక కొన సన్నంగా ఉంది, లాగలేక వదిలేశా. దాన్ని కూడా తెచ్చేస్తే బరువు బాగా తూగుద్ది.

ప్లీడరుగారబ్బాయి:
చిల్లుకాణీ ఉంచుకోండి, అవి కోట్లల్లో తయారయ్యాయి, కలెక్టరుగారికి ఆసక్తి ఉండదు. ఆ గొట్టం జోలికి వెళ్ళకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశారు, పైగా ఇది నేవీ ఊరు. డ్రైనేజీ పైపే అయ్యుండొచ్చు, అయినా గుర్తు పెట్టుకుని దూరంగా నిలబడి 112కి ఫోన్ చెయ్యండి.

కాటాబాబు:
మా దగ్గరికి అలాంటివి ఎవరైనా తెస్తే నాన్న గేటు బయటే ఆపేస్తాడు, గొట్టం రెండు వైపులా మూసి ఉంటే అస్సలు కొనడు. పాత గ్యాస్ సిలిండర్ ముక్కలకి కూడా అదే రూలు.

ఉప్పుగాలి:
ఫోన్ చేశా, చూసి వెళ్తామన్నారు. సోమవారం మీ వైపు వస్తా, సంచులు వేరు చేసే తెస్తా.

కాటాబాబు:
తొమ్మిది దాటాక రా, ఆ లోపు లారీ లోడింగ్ ఉంటది. కాటా సున్నా చూపిస్తోందో లేదో చూశాకే సంచి పెట్టు, మా కొట్టైనా సరే.