బ్యాంక్ గ్యారంటీ ఇవ్వనంటున్న కాంట్రాక్టర్‌కి పని అప్పగించవచ్చా?

కింద షాపులు, పైన రెండంతస్తుల్లో ఆఫీసులు వచ్చేలా బిల్డింగ్ కట్టిస్తున్నాం. డ్రాయింగులు, పర్మిషన్ అన్నీ అయ్యాయి. కాంట్రాక్టర్ దగ్గరే ఆగిపోయాం.

నలుగురికీ ఒకే బీఓక్యూ (ఏ పని ఎంత మేర ఉందో రాసిన లిస్టు) ఇచ్చి రేట్లు తీసుకున్నాం. ముగ్గురివి దగ్గర దగ్గరగా ఉన్నాయి. నాలుగో ఆయనది 18 శాతం తక్కువ. ఐటమ్ వారీగా పోల్చితే కాంక్రీట్, స్టీల్ రేట్లు అందరివీ దాదాపు ఒకటే. తేడా అంతా ఎలక్ట్రికల్, ఫైర్ లైన్లు, ఫినిషింగ్‌లోనే. కారణం అడిగితే, ఆ పనులకు సొంత మనుషులున్నారు, సబ్ కాంట్రాక్ట్‌కి ఇవ్వను అన్నారు. ఆయన కట్టినవి వెళ్లి చూశాం. పని నిజంగా బాగుంది, కానీ అన్నీ అపార్ట్‌మెంట్లే.

అడ్వాన్స్ మాత్రం 20 శాతం కావాలంటున్నారు, మిగతావాళ్లు అడిగింది 10. దానికి బ్యాంక్ గ్యారంటీ (ఆయన పని వదిలేస్తే ఆ డబ్బు బ్యాంకే మాకు కట్టేలా హామీ) కుదరదట. బదులుగా ప్రతి బిల్లులో 5 శాతం రిటెన్షన్ పట్టుకుని, పని పూర్తయిన 12 నెలలకు ఇవ్వమంటున్నారు. మొదట్లోనే పని వదిలేస్తే అప్పటికి మా చేతిలో ఉండే రిటెన్షన్ ఎంత? టెన్షన్ అదే. అడ్వాన్స్ తగ్గించమన్నా ఒప్పుకోలేదు. ఆర్కిటెక్ట్‌ని అడిగితే నిర్ణయం మీదే అన్నారు.

బ్యాంక్ గ్యారంటీ లేకుండా కమర్షియల్ పని చేయించుకున్నవాళ్లు, అడ్వాన్స్‌కి రక్షణగా అగ్రిమెంట్‌లో ఏ షరతు పెట్టుకున్నారు?