వారంటీలో ఉన్న ఆంప్లిఫైయర్‌ను మరమ్మతుకు అమెరికా పంపడం లాభమా, నష్టమా?

విశాఖ శ్రోత: అన్నయ్య అమెరికాలో కొని తెచ్చిన ఆంప్లిఫైయర్ ఇక్కడ వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. ఇప్పుడు ఎడమ ఛానెల్ మూగబోయింది. ఇక్కడి డీలరు ‘మా దగ్గర కొన్నది కాదు’ అంటూ ముట్టుకోనన్నాడు. అక్కడికి పంపితే తయారీ సంస్థ ఉచితంగా బాగు చేస్తుందట. ఉచితమే కాబట్టి పంపేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

కోఠి పాతకాపు: ఆ ఉచితం కస్టమ్స్ గుమ్మం దాకానే. 2017 నాటి 45వ నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ చూడండి. మరమ్మతుకు వెళ్లి మూడేళ్లలోపు తిరిగొచ్చిన వస్తువుకు పూర్తి విలువ మీద సుంకం ఉండదు. మరమ్మతు ఖర్చు, వాడిన విడిభాగాలు, రానుపోను రవాణా, బీమా, వీటి మీదే వేస్తారు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ ఖర్చు ‘నిజంగా అయినా కాకపోయినా’ లెక్కలోకి వస్తుందని అందులోనే ఉంది. కంపెనీ మీ దగ్గర పైసా తీసుకోకపోయినా సుంకం తప్పదన్నమాట.

అసలు తలనొప్పి మరొకటి. వెళ్లిన వస్తువే తిరిగొచ్చిందని మీరు రుజువు చేయాలి. పంపేటప్పుడే షిప్పింగ్ బిల్లులో, అంటే ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రంలో, ‘మరమ్మతు కోసం’ అని, సీరియల్ నంబరుతో సహా రాయించుకోవాలి. మామూలు పార్శిల్‌లా పంపేస్తే తిరుగు ప్రయాణంలో దాన్ని కొత్త సరుకుగానే చూస్తారు. వాళ్లు బాగు చేయకుండా వేరే యూనిట్ ఇచ్చారా, సీరియల్ నంబరు కూడా మారిపోతుంది. ఇక ఏం చూపిస్తారు?

డల్లాస్ తమ్ముడు: అన్నగారూ, వెసులుబాటు ఉన్నది వాడుకోవడానికే కదా! కాగితాలకు జడిసి ఎవరికి పడితే వారికి ఇస్తే, చేతికి దొరికిన కెపాసిటర్ వేసి అతికిస్తారు. వారంటీ కూడా పోతుంది. తిరిగి పంపేటప్పుడు ‘బహుమతి’ అని రాయిస్తే సరి.

కోఠి పాతకాపు: తమ్ముడూ, ఆ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకు. రాఖీలు, ప్రాణాధార మందులు తప్ప బహుమతి పార్శిళ్లకు సుంకం మినహాయింపును 2019 డిసెంబరులోనే తీసేశారు. పైగా అది తప్పుడు ప్రకటన.

వారంటీ మాట నిజమే, మూత తీస్తే పోవచ్చు. కానీ ఒక్క ఛానెల్ పోవడానికి చాలాసార్లు కారణం చిన్నదే: స్పీకర్ రిలే (స్పీకర్‌ను ఆంప్లిఫైయర్‌కు కలిపే స్విచ్చు) కాంటాక్టులు నల్లబడటం, టంకం పగలడం, మరీ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్. డిజిటల్ బోర్డు పోయుంటే నేనే పంపమంటాను, ఆ సాఫ్ట్‌వేర్ ఇక్కడెవరి దగ్గరా ఉండదు. శ్రోతగారూ, ముందు ఎడమ, కుడి ఇన్‌పుట్ తీగలు అటూ ఇటూ మార్చి చూశారా?

విశాఖ శ్రోత: మార్చాను, స్పీకర్లనూ మార్చాను. మూగది ఎడమే. వాల్యూమ్ బాగా పెంచితే ఒక్కోసారి టప్‌మని వచ్చి కాసేపు పలుకుతుంది.

కోఠి పాతకాపు: అయితే రిలే మీదే అనుమానం. దాని ధర మీ పార్శిల్ అట్టపెట్టెకు కూడా చాలదు.

డల్లాస్ తమ్ముడు: రిలే కాకపోతే? అప్పటికి మూత తీసేసి ఉంటారు, వారంటీ మీరిస్తారా?