శ్రీహరికోటలో రాకెట్ చూడటానికి పిల్లలను రాత్రంతా బస్సులో తీసుకెళ్లాలా?

గుంటూరు తల్లి:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రాబోయే ప్రయోగానికి పిల్లలను శ్రీహరికోట తీసుకెళ్తామని బడి నుంచి కాగితం వచ్చింది. రాత్రి తొమ్మిదికి బస్సు, తెల్లవారేసరికి సూళ్లూరుపేట, ప్రయోగం చూసి అదే రోజు తిరుగు ప్రయాణం. ఒక్కొక్కరికి 2,800 రూపాయలు. తరగతిలో నలభై రెండు మంది ఉంటే ముప్పై ఒక్క మంది పేర్లు ఇచ్చారు. మిగిలిన పదకొండు మందిలో ఎక్కువమంది డబ్బు కట్టలేనివాళ్లే.

శనివారం తల్లిదండ్రుల సమావేశంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. పిల్లల జన్మలో మరిచిపోలేని రోజు అవుతుందని కొందరు, రెండు నిమిషాల పొగ కోసం రెండు రోజుల చదువు పోతుందని కొందరు. నా సంగతి చెబుతాను. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు టీవీ ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని. నా కూతురు దాన్ని నేరుగా చూస్తే బాగుండునని నాకూ ఉంది. కానీ రాత్రిపూట మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఆడపిల్లలు, మరుగుదొడ్లు, అంతదూరం వెళ్లాక ప్రయోగం వాయిదా పడితే ఏమిటన్న భయం కూడా ఉంది. వెళ్లి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

లెక్క చూద్దాం:
నా మాట కటువుగా ఉండవచ్చు, క్షమించండి. ముప్పై ఒక్క మందికి 2,800 చొప్పున 86,800 రూపాయలు. ఆ డబ్బుతో బడికి ఒక మంచి టెలిస్కోపు వస్తుంది. మిగిలినదానితో ప్రయోగశాలకు సామాను కొనవచ్చు. టెలిస్కోపులో గురుగ్రహం పక్కన నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తాయి, శని వలయాలు కనిపిస్తాయి. ఈ ఏడు ఎనిమిదో తరగతి చూస్తుంది, వచ్చే ఏడు మరో తరగతి చూస్తుంది. ఆ పదకొండు మంది పిల్లలూ చూస్తారు. మీ కాగితంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ పదకొండే. తిరిగి వచ్చిన మర్నాడు తరగతిలో అందరూ రాకెట్ గురించి మాట్లాడుతుంటే వాళ్లు ఎక్కడ చూడాలి?

రెండో మాట. రాకెట్ మన కంటికి కనిపించేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. అసలు పని ఆ తర్వాతే. చంద్రయాన్-3 తనను మోసుకెళ్లిన రాకెట్ నుంచి విడిపోవడానికి ఎగిరిన తర్వాత పదహారు నిమిషాలు పట్టింది. ఏ దశ ఎప్పుడు మండిందో, ఎప్పుడు విడిపోయిందో, ఎంత వేగంతో పోతున్నదో అంతా తెర మీదే తెలుస్తుంది. ఇంట్లో కూర్చున్న పిల్లకు రాకెట్ మీది కెమెరా చూపించే దృశ్యాలు కూడా దొరుకుతాయి.

సూళ్లూరుపేట వాసి:
రెండో మాటలో నిజం ఉందండీ. 2025 మే 18 తెల్లవారుజామున ఆరు కాబోతుండగా పీఎస్ఎల్వీ-సీ61 రాకెట్ వెళ్లింది. మా డాబా మీద ఇంటిల్లిపాదీ నిలబడి చూశాం. మా కంటికి అంతా చక్కగానే వెళ్లింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కిందికి దిగి టీవీ పెడితే మూడో దశలో లోపం వచ్చిందని, ఉపగ్రహం పోయిందని తెలిసింది. కన్ను చూసినదానికీ, జరిగినదానికీ అంత తేడా.

కానీ నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ని. ఆ శబ్దం టీవీలో రాదండీ. ఇస్రో భారీ రాకెట్ ఎల్వీఎం3 లేచినప్పుడు మా కిటికీ అద్దాలు అదురుతాయి. మా ఊరికీ షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ప్రయోగవేదికకూ మధ్య ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం ఉంది, మధ్యలో పులికాట్ సరస్సు. రాత్రి ప్రయోగమైతే మొదట ఆకాశం ఎర్రబడుతుంది, ఆ వెలుగు నీళ్ల మీద పడుతుంది, అంతసేపూ ఏ చప్పుడూ ఉండదు. ఆ తర్వాత వస్తుంది గర్జన. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు అంతరిక్షంలో ఒకదానితో ఒకటి కలిసే స్పేడెక్స్ ఉపగ్రహాలు వెళ్లినప్పుడు మా అమ్మ, డెబ్బై దాటిన మనిషి, దండం పెట్టుకుంటూ నిలబడిపోయింది. ఎన్ని చూసి ఉంటుందో ఆమెకే లెక్క లేదు.

రెండుసార్లు వెళ్లినవాడిని:
వాయిదా గురించి అడిగారు కాబట్టి నా అనుభవం చెబుతాను. 2019 జూలైలో చంద్రయాన్-2 కోసం హైదరాబాద్ నుంచి భార్యాబిడ్డలతో వెళ్లాను. ప్రయోగం 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. నిద్ర ఆపుకుంటూ కూర్చున్నాడు. ఇంకా యాభై ఆరు నిమిషాలు ఉందనగా కౌంట్‌డౌన్ ఆగింది. కాసేపటికి ప్రయోగం వాయిదా అన్నారు. అంతమంది జనంలో ఎవరి నోటా మాట లేదు. మావాడు ఏడ్చాడు. తిరుగు దారిలో నెల్లూరు దాటేదాకా మాట్లాడలేదు.

వారం తర్వాత 22వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు అది ఎగిరింది. నాకు సెలవు దొరకలేదు, ఇంట్లోనే చూశాం. మళ్లీ 2023 జూలైలో చంద్రయాన్-3కి వెళ్లాం. అప్పుడు దొరికింది. వాడు ఇప్పటికీ ఎక్కువగా చెప్పేది మాత్రం ఆ మొదటి రాత్రి గురించే. ఎందుకు ఆపారు, ఆపాలని ఎవరు నిర్ణయించారు, అంత పెద్ద వాహనంలోంచి ఇంధనం మళ్లీ ఎలా తీస్తారు అని నెలల తరబడి అడిగాడు. నాకు తెలియక వాడితో పాటు నేనూ చదివాను.

లెక్క చూద్దాం:
మీ అబ్బాయి వెంట తండ్రి ఉన్నాడు. ఏడిస్తే దగ్గరికి తీసుకున్నాడు, అడిగితే వెతికి చెప్పాడు. ముప్పై ఒక్క మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉంటే ఎవరు చెబుతారు? ఒక కుటుంబం వెళ్లడం వేరు, బడి తీసుకెళ్లడం వేరు. నేను కుటుంబాలను వద్దనడం లేదు.

ఫిజిక్స్ మాస్టారు:
నేను ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. మూడుసార్లు పిల్లలను తీసుకెళ్లాను. లెక్క చూద్దాం గారికి గౌరవంతోనే జవాబు చెబుతున్నాను.

టెలిస్కోపు మాట నూటికి నూరు పాళ్లు మంచిదే. కానీ నేను పనిచేసిన రెండు బడుల్లో టెలిస్కోపులు ఉన్నాయి, రెండూ బీరువాలోనే ఉన్నాయి. రాత్రిపూట బడి తెరిచి పిల్లలను పిలిచే మనిషి కావాలి. ఆ మనిషి ఉన్న బడిలో టెలిస్కోపూ పనిచేస్తుంది, శ్రీహరికోట ప్రయాణమూ పనిచేస్తుంది. లేని బడిలో రెండూ దండగే. కాబట్టి ఆ తల్లి మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ప్రయాణానికి ముందు మీ టీచరు పిల్లలకు ఏమి చెప్పారు?

నేను ముందు వారం రోజులు పాఠం చెప్పి తీసుకెళ్తాను. ఒక్క ఉదాహరణ. వెలుగు కనబడిన క్షణం నుంచి చప్పుడు వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టమంటాను. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. లెక్కించిన సెకన్లను మూడుతో భాగిస్తే మనం ప్రయోగవేదికకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నామో తెలిసిపోతుంది. సూళ్లూరుపేటలో నిలబడితే నిమిషానికి పైనే. ఆ నిమిషం నిశ్శబ్దంలో రాకెట్ పైకి పోతూనే ఉంటుంది. ధ్వని వేగం గురించి నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో. అది పిల్లల ఒంట్లోకి ఎక్కింది మాత్రం అక్కడే. టీవీలో వెలుగూ చప్పుడూ కలిసి వచ్చేస్తాయి. ఈ ఒక్క పాఠం తెర చెప్పలేదు.

వాయిదా గురించి కూడా ముందే చెబుతాను. ఎల్వీఎం3కి ఇరుపక్కలా ఉండే ఎస్200 మోటార్లలో ఒక్కొక్కదానిలో రెండు వందల టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. అది ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే ఏ చిన్న అనుమానం వచ్చినా అంటుకోకముందే ఆపుతారు. 2023 అక్టోబరు 21న మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం మొదటి పరీక్ష వాహనం ఎనిమిదింటికి ఎగరాలి. వాతావరణం బాగాలేక ఎనిమిది నలభై ఐదుకు వాయిదా వేశారు. ఇంకా ఐదు సెకన్లు ఉందనగా కంప్యూటరే ఆపేసింది. అది ద్రవ ఇంధనంతో నడిచే ఇంజను, మండవలసిన విధంగా మండలేదు. కారణం వెతికి, సరిచేసి, పది గంటలకు ఎగరేశారు. ఆ గంటంబావు సమయం పిల్లలు చూడవలసిన గంటంబావు కాదా చెప్పండి.

లెక్క చూద్దాం:
మాస్టారూ, మీరు తీసుకెళ్తే నా బిడ్డను పంపిస్తాను. కానీ అన్ని బడుల్లో మీలాంటివారు లేరని మీరే చెప్పారు. ఇక్కడ అడిగిన బడి కాగితంలో పాఠం గురించి ఒక్క మాటైనా ఉందా? పదకొండు మంది సంగతి ఎవరూ ముట్టుకోలేదు, గమనించారా?

ఓర్లాండో నుంచి:
మాది తెనాలి. ఉద్యోగరీత్యా ఫ్లోరిడాలో ఉంటున్నాను. ఇక్కడికి అమెరికా రాకెట్లు ఎగిరే కేప్ కెనావెరల్ గంట దారి. టైటస్‌విల్ ఊళ్లో నది ఒడ్డున ఎవరైనా నిలబడి ఉచితంగా చూడవచ్చు. ఇక్కడా వాయిదాలు తప్పవు. నాసా చంద్రుడి దగ్గరికి పంపిన ఆర్టెమిస్-1 కోసం 2022 ఆగస్టు 29న వెళ్లాం, ఆగిపోయింది. సెప్టెంబరు 3న వెళ్లాం, హైడ్రోజన్ లీకయ్యి మళ్లీ ఆగింది. చివరికి నవంబరు 16 రాత్రి 1 గంట 47 నిమిషాలకు ఎగిరితే పిల్లల బడి ఉందని నేను ఒక్కడినే వెళ్లాను. ఆ వెలుగు గురించి మాటల్లో చెప్పే శక్తి నాకు లేదు.

నాకు ఇక్కడ తెలిసింది ఒకటే. దగ్గర ఉన్నవాళ్లకు ఇది పండగ కాదు, మామూలు సంగతి. ఈసారి పోతే వచ్చేసారి. గుంటూరు నుంచి ఒకే ఒక్కసారి, అప్పు చేసి వెళ్లే పిల్లవాడి మీద పడే భారం వేరు. అందుకని ఒకే రోజు వెళ్లి రావడం అనే పద్ధతి నాకు నచ్చలేదు. ఒక రోజు అదనంగా పెట్టుకుని వెళ్తే బాగుంటుంది.

సూళ్లూరుపేట వాసి:
ఓర్లాండో నుంచి గారి మాటే నాదీ. నెల్లూరులో రాత్రి బస చేసి తెల్లవారి రండి. అక్కడి నుంచి గంటన్నర దారి. సందర్శకుల గ్యాలరీ 2019లో తెరిచారు. ముందే ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. పెద్ద ప్రయోగాలకు ఆ చోట్లు చాలా త్వరగా అయిపోతాయి. బడి వాళ్లు నమోదు చేశారో లేదో డబ్బు కట్టేముందే అడగండి. నమోదు లేకుండా వచ్చి, పులికాట్ మీది రోడ్డు దాకా వెళ్లి, వెనక్కి తిప్పించుకున్న బస్సులను నేను చూశాను. పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

ప్రయోగం ఆగిపోయినా ఈ ప్రాంతంలో చూడటానికి ఉంది. శీతాకాలమైతే పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు. ప్రయోగాల ముందు ఇస్రో పెద్దలు వచ్చే చెంగాళమ్మ గుడి మా ఊళ్లోనే ఉంది. ఇంకొకటి కూడా పిల్లలకు చెప్పమని నా కోరిక. ప్రయోగం రోజున ఈ తీరంలో జాలర్లు వేటకు వెళ్లకూడదు. షార్ రాకముందు ఆ దీవి యానాదులు తిరిగిన అడవి. మనం చప్పట్లు కొట్టే ప్రతి ప్రయోగం వెనుక ఆ రోజు వేట మానుకున్న మనిషి ఒకడు ఉంటాడు. ఆయననూ తలుచుకోవాలి.

గుంటూరు తల్లి:
అందరికీ నమస్కారం. ఇవాళ బడికి వెళ్లి అడిగాను. గ్యాలరీలో నమోదు ఇంకా చేయలేదు. చోట్లు దొరకకపోతే రోడ్డు పక్క నుంచి చూపిద్దామని అనుకున్నారట. అది విన్నాక నాకు కాళ్లు ఆడలేదు. నమోదు ఖాయమయ్యేదాకా డబ్బు వసూలు చేయవద్దని, నెల్లూరులో బస పెట్టాలని రాసి ఇచ్చాం. పదకొండు మంది గురించి నేనే లేచి మాట్లాడాను. అందరూ కలిసి సర్దుకుంటేనే ప్రయాణం, లేకపోతే ఎవరూ వద్దు అన్నాను. సగం మంది ఒప్పుకున్నారు, సగం మంది ఒప్పుకోలేదు. ఇంకా తేలలేదు.

మా అమ్మాయి మీరంతా రాసినవి చదివింది. మాస్టారి లెక్క చూసి అట్లాసు తీసి, గుంటూరుకూ శ్రీహరికోటకూ నేరుగా సుమారు 285 కిలోమీటర్లని కొలిచింది. అంటే శబ్దం ఇక్కడికి రావడానికి పద్నాలుగు నిమిషాలకు పైగా పట్టాలి కదా, మరి మనకెందుకు వినబడదని అడుగుతోంది. నాకు జవాబు తెలియదు.

లెక్క చూద్దాం:
బస్సు ఎక్కకముందే వచ్చింది ఈ ప్రశ్న. నేను చెప్పేది ఇదేనండీ.

ఫిజిక్స్ మాస్టారు:
అమ్మాయికి నా ఆశీస్సులు. శబ్దం దూరం వెళ్లేకొద్దీ చుట్టూ పరుచుకుని పలచబడుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. దానికితోడు గాలి కూడా కొంత మింగేస్తుంది, సన్నని స్వరాలను ముందు మింగుతుంది. అందుకే దూరాన ఉన్నవాళ్లకు బొంగురు గర్జన మాత్రమే మిగులుతుంది, ఇంకా దూరానికి అదీ మిగలదు. పైన గాలి వీచే తీరును బట్టి శబ్దం దారి కూడా వంగుతుంది.

కానీ వెలుగుకు అంత కష్టం లేదు. 285 కిలోమీటర్ల దూరానికి భూమి వంపు లెక్క వేయమనండి. రాకెట్ దాదాపు ఆరున్నర కిలోమీటర్లు పైకి లేస్తే గుంటూరు దిగ్మండలం మీదికి వస్తుంది. అరవై కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి ఆకాశంలో పది డిగ్రీల ఎత్తున ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలు. కాబట్టి ఈ ప్రయాణం కుదిరినా కుదరకపోయినా, తర్వాత రాత్రి ప్రయోగం ఎప్పుడో చూసుకుని, మబ్బు లేకపోతే ఆ పదకొండు మందినీ కలుపుకుని ఎత్తైన డాబా ఎక్కమనండి. దక్షిణానికి తిరిగి నిలబడాలి. వీధిదీపాలు, మంచు అడ్డం రాకపోతే కనిపించాలి. కనబడితే ఎన్నో సెకనులో కనబడిందో రాసుకుని ఇక్కడ పెట్టమనండి, నా లెక్క సరిచూసుకుంటాను.