పంచాయతీ ఆఫీసుకు ర్యాంపు: 27 ఇంచుల ఎత్తుకు 9 ఫీట్లు సరిపోతదా?

మర్రిగూడరోడ్డు:
మర్రిగూడ దిక్కు ఒక గ్రామ పంచాయతీ ఆఫీసుకు ర్యాంపు ఎస్టిమేటు తయారవుతున్నది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సంతకం ఇంకా కాలేదు. ఫ్లోరోసిస్‌తో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయి వీల్‌ఛైర్ మీద ఉన్నోళ్లు పింఛను పనికి, సర్టిఫికెట్లకు లోపలికి రావాలె. బిల్డింగు ముఖం 44 ఫీట్లు. ముందు 6 ఫీట్ల వెడల్పు వరండా, దానికి పిట్టగోడ. మెట్లు గేటు దిక్కు చివరన 6 ఫీట్ల మేర ఉన్నయి. వరండా నుంచి ఎదురు ప్రహరీ దాక 20 ఫీట్ల జాగ. గచ్చు 27 ఇంచుల ఎత్తు. మెట్ల పక్కన ప్రహరీ దిక్కు నేరుగా 9 ఫీట్ల ర్యాంపు పోస్తే చాలని మేస్త్రీ అంటున్నడు. సరిపోతదా? టాయిలెట్ తలుపు 24 ఇంచులే ఉంది, దాని సంగతేంది?

వాలులెక్క:
సరిపోదండీ. 27 ఇంచులకు 9 ఫీట్లంటే నాలుగు ఫీట్లు పోయేసరికి ఒక ఫీటు ఎక్కాలి. దాని మీద మనిషిని కూర్చోబెట్టి నెడితే ముందు నెట్టేవాళ్ల కాళ్లే జారతాయి. దిగేటప్పుడు కుర్చీ చేతిలో ఆగదు. లెక్క సులువు: ఇంచు ఎత్తుకు ఫీటు పొడవు. అంటే 27 ఫీట్లు. వికలాంగులకు అనువైన భవనాల కోసం కేంద్రం ఇచ్చిన 2021 హార్మోనైజ్డ్ గైడ్‌లైన్స్‌లో చెప్పే 1:12 ఇదే. అంతకంటే నిటారుగా పోవద్దని దాని అర్థం, 1:12 కట్టి తీరాలని కాదు. జాగ ఉంటే 1:15 ఇంకా మంచిది.

మీ దగ్గర ప్రహరీ వైపు నేరుగా పోనివ్వడానికి జాగ లేదు. వరండా పక్కనుంచే, గోడ పొడవునా పోనివ్వండి. 44లో మెట్లకు 6 పోతే 38 మిగులుతుంది. కింద కుర్చీ తిప్పుకోవడానికి 5 ఫీట్ల చదును, 27 ఫీట్ల వాలు, పైన మళ్లీ 5 ఫీట్ల చదును, మొత్తం 37. సరిగ్గా పడుతుంది. పై చదును దగ్గర పిట్టగోడను 4 ఫీట్లు తెరవాలి. రెండు రెయిలింగుల మధ్య 4 ఫీట్లు ఖాళీ దొరకాలంటే పక్క గోడలతో కలిపి ర్యాంపు వెడల్పు 5 ఫీట్లు అనుకోండి.

ఒక్క ప్రశ్న. 27 ఇంచులు ఎక్కడ కొలిచారు? ర్యాంపు నేలను తాకేచోటే కొలవాలి. ఆవరణ ఎప్పుడూ చదునుగా ఉండదు. నీళ్లు నింపిన లెవల్ పైపు పట్టి రెండు చివర్లా చూడండి.

మర్రిగూడరోడ్డు:
లెవల్ పైపు పట్టి చూసినం సార్. మెట్ల దగ్గర 27, అవతలి చివర 23.

వాలులెక్క:
అయితే కింది చివర అటు పెట్టుకుంటే 23 ఫీట్ల వాలుతో పోతుంది. ర్యాంపు పైకి వచ్చి మెట్ల పక్కనే, ఆఫీసు తలుపు దగ్గర తేలుతుంది. నాకైతే ఇదే నచ్చింది.

చక్రాలబండి:
నచ్చింది గానీ, గేటు నుంచి ఆ చివరకు ఎట్లా పోతారు? 40 ఫీట్ల మొరం నేల. వాన పడితే ముందు చిన్న చక్రాలు దిగబడిపోతాయి. అటు పెట్టాలంటే గేటు నుంచి 4 ఫీట్ల వెడల్పు సీసీ దారి అదే ఎస్టిమేటులో రాయించాలి. రాయించలేకపోతే 27 ఫీట్లదే మేలు, నాలుగు ఫీట్లు మిగిలిందని సంబరపడొద్దు.

ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల గురించి ఒక మాట. మెడ తిరగదు కాబట్టి వెనక్కి చూసుకుంటూ కుర్చీ వెనక్కి తేలేరు. ఆ 5 ఫీట్ల చదును ఎవరికైనా కావాలి, వీళ్లకు మరీ కావాలి. పూలకుండీలు, నోటీసు బోర్డు స్టాండు తెచ్చి అక్కడే పెడతారు, పెట్టనీయొద్దు. భుజాలు పైకి లేవవు, కాబట్టి రెయిలింగు ఒకే ఎత్తులో కాకుండా 3 ఫీట్ల దగ్గర ఒకటి, రెండున్నర దగ్గర ఒకటి, రెండు వైపులా ఉండాలి. రెండు చివర్లా ర్యాంపు దాటి ఒక ఫీటు ముందుకు రావాలి. ఒకటింపావు ఇంచు జీఐ పైపు తీసుకోండి, బయటి కొలత 42 మిల్లీమీటర్లు వస్తుంది, పిడికిట్లో సరిగ్గా ఇముడుతుంది. చాలాచోట్ల రెండించుల పైపు పెడతారు. చూడ్డానికి బలంగా ఉంటుంది, కానీ వేళ్లు ముడుచుకోనివాళ్లకు అందదు.

పాలమూరుమేస్త్రీ:
కట్టే కాడ ఏం చెడిపోతదో చెప్త అన్నా. పక్క గోడలు లేపినంక లోపల మొరం ఒక్కసారి గుమ్మరించి పైన కాంక్రీటు పోస్తరు. ఒక వానకాలం పోతే మొరం కుంగుతది, వరండా కలిసే కాడ పగిలి అర ఇంచు గడప లేస్తది. ఆ అర ఇంచే ముందు చక్రాన్ని ఆపుతది, కూసున్న మనిషి ముందుకు పడతడు. అందుకే మొరం 6 ఇంచులకు ఒక పొర, ప్రతి పొరకు నీళ్లు కొట్టి దిమ్మిస కొట్టాలె. పైన 20 ఎంఎం కంకరతోని 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు), 4 ఇంచుల మందం. పది రోజులు తడపాలె.

పై పొరను తాపీతోని నున్నగ రుద్దనియ్యొద్దు. తడి ఉండంగనే గట్టి చీపురుతోని అడ్డంగ గీయాలె, మనిషి పోయే దిక్కుకు అడ్డంగ. లోతుగ గాళ్లు తీస్తే మాత్రం కుర్చీ గడగడ ఊగి నడుము నొప్పి పెడ్తది. గ్రానైట్ ముక్కలు సస్తగ దొరుకుతయని పరుస్తరు, పాలిష్ బండ వాన పడితే అద్దమే. టైల్స్ గూడ వద్దు.

వాలు చూసెటందుకు 4 ఫీట్ల చెక్క తీసుకో. మీది కొస ర్యాంపుకు ఆనించి, స్పిరిట్ లెవల్ పెట్టి చెక్కను మట్టం చెయ్యి. కింది కొస కాడ సందు 4 ఇంచులు ఉండాలె. 5 వచ్చిందంటే అక్కడ నిటారు అయ్యింది. మొదట్ల, నడుమ, చివర, మూడు కాడ చూడు. దారం కట్టకుండ పోస్తే నడుమ ఉబ్బుతది, కింద నిటారు అయితది. కాంక్రీటు పోయకముందే చూడాలె, గట్టిపడినంక చూసి ఏం ఫాయిదా లేదు.

రెయిలింగు కంబాలు పోసేటప్పుడే కాంక్రీట్ల దిగాలె. తర్వాత డ్రిల్లు పెడితే అంచు ఊడుతది. రెండు అంచుల్ల 4 ఇంచుల కట్ట లెవ్వాలె, చక్రం పక్కకు జారకుండ. కింద మోరీ ఉంటే జాలీ సందులు 12 ఎంఎం దాటొద్దు.

అర్జీదారు:
టాయిలెట్ గురించి ఎవరూ చెప్పలేదు. తలుపు తెరిస్తే 36 ఇంచుల ఖాళీ రావాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరిచే తలుపు కుర్చీకి తగిలి మూసుకోదు. లోపల 2200 బై 2000 మిల్లీమీటర్లు, అంటే సుమారు 7 ఫీట్ల 3 ఇంచులు బై 6 ఫీట్ల 7 ఇంచులు. కమోడ్ సీటు నేల నుంచి 18, 19 ఇంచుల మధ్య. మోకాళ్లు వంగనివాళ్లకు కింద కూర్చునే టాయిలెట్ పనికిరాదు. పట్టుకునే కడ్డీలను నాలుగున్నర ఇంచుల గోడకు ప్లాస్టిక్ గట్టాలతో బిగించొద్దు, బరువు పడగానే ఊడొస్తాయి. గోడ అవతలికి బోల్టు వేసి ప్లేటుతో బిగించాలి. పాత గదిని పగలగొట్టి పెంచే వీలు లేకపోతే, ర్యాంపు ఎక్కిన మట్టంలోనే కొత్త గది అడగండి. ఆవరణ మూల కట్టి దానికి మళ్లీ రెండు మెట్లు పెట్టించుకుంటే ఏం లాభం?

కాగితం విషయం. ర్యాంపు 1:12, వెడల్పు, రెండు చదునులు, రెండు ఎత్తుల రెయిలింగు, అన్నీ ఎస్టిమేటులో కొలతలతో ఉండాలి. "ర్యాంపు - 1" అని ఒక్క ముక్క రాస్తే 9 ఫీట్లదీ ర్యాంపే అవుతుంది. ఎం.బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు ఎక్కి బిల్లు పాసయ్యాక సరిచేయించడం దాదాపు అసాధ్యం. ఎస్టిమేటు నకలు ఇవ్వకపోతే పంచాయతీ కార్యదర్శికే ఆర్‌టీఐ పెట్టండి, గ్రామస్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అర్జీలో 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 45 రాయండి. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ రూల్స్ వచ్చిన ఐదేళ్లలో అందుబాటులోకి రావాలని దాంట్లో ఉంది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, ఆ గడువు ఎప్పుడో దాటింది. ఆ రూల్స్‌లో అందుబాటు ప్రమాణాలు చెప్పే రూల్ 15 మీద మాత్రం ఆధారపడొద్దు. అది సిఫార్సులాగానే ఉందని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి మూడు నెలలు ఇచ్చింది. ముందు కార్యదర్శికి, ఎంపీడీవోకు ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. ఆ తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు, ఆయన సిఫార్సు చేస్తే తీసుకున్న చర్యను ఆ ఆఫీసు మూడు నెలల్లో తెలపాలి.

మర్రిగూడరోడ్డు:
సీసీ దారి కూడా కలిపి రాయమని ఏఈని అడుగుతం. గేటుకు రెండు రెక్కలు, ఒక్కొక్కటి 30 ఇంచులు. ఒకటే తెరిచి ఉంచుతరు.

చక్రాలబండి:
ఒక రెక్క సరిపోదు. కుర్చీ 25, 26 ఇంచులున్నా చక్రం తోసే చేతుల మోచేతులకు జాగ కావాలి. ఆఫీసు టైములో రెండో రెక్క గొళ్లెం కూడా తీసి ఉంచమనండి. గేటు కింద అడ్డంగా ఇనుప పట్టీ ఉంటే కోయించి నేలమట్టం చేయించండి.